శాస్త్రజ్ఞుని కృషికి కొలత ఏది?

బెంగళూరు నగరానికి ఆగ్నేయ దిశలో బెళ్ళందూరు ఉంది. అక్కడి చెరువు విస్తీర్ణం దాదాపు 900 ఎకరాలు. నగరంలోని చెరువులలో అదే పెద్దది. ఒకప్పుడు చుట్టుపక్కల పొలాలకు నీరిచ్చిన ఆ చెరువులోకి, నగరం పెరిగిన కొద్దీ మురుగునీరు చేరసాగింది. 2015లో చెరువు నీరు బయటికి పోయే చోట తెల్లని నురగ గుట్టలుగా పేరుకొని, గాలికి ఎగిరి రోడ్లమీద పడింది. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను చెరువులో మంటలు లేచాయి. నీళ్ళమీద నిప్పు పుట్టిందని దేశమంతా చెప్పుకొన్నది.

నురగకు ముఖ్య కారణం బట్టలు ఉతికే పొడులలోని రసాయనాలు. మురుగునీటిలో వీటితోపాటు భాస్వరం కూడా చెరువులోకి వస్తుంది. భాస్వరం మొక్కలకు ఎరువు వంటిది. నీటిలో అది మితిమీరితే గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి. అవి కుళ్ళినప్పుడు నీటిలోని ప్రాణవాయువు తగ్గిపోయి చేపలు చనిపోతాయి. అందుచేత ఏ చెరువు ఆరోగ్యం తెలుసుకోవాలన్నా అందులో భాస్వరం ఎంత ఉన్నదో కొలవాలి. నీటిలో కరిగి కంటికి కనిపించని పదార్థాన్ని కొలవడం ఎలా?

రసాయన శాస్త్రజ్ఞులు దీనికి రంగును సాధనంగా వాడతారు. నీటి నమూనాలో ఆమ్లాన్ని, అమ్మోనియం మాలిబ్డేటు అనే లవణాన్ని కలుపుతారు. తరువాత మరొక రసాయనం చేర్చగానే ద్రావణం నీలంగా మారుతుంది. భాస్వరం కొద్దిగా ఉంటే లేత నీలం, ఎక్కువగా ఉంటే ముదురు నీలం వస్తుంది. భాస్వరం ఎంత ఉన్నదో ముందే తెలిసిన మరొక ద్రావణపు రంగుతో దీనిని పోల్చి లెక్క కడతారు. ఈ నీలిరంగు పరీక్షను సులభంగా, నమ్మకంగా చేసే విధానాన్ని 1925లో ఇద్దరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఒకరు అమెరికాకు చెందిన సైరస్ ఫిస్కే. రెండవవారు మన తెలుగువారైన యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివారు. గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయుడైన అధ్యాపకుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్. కు బదులు దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే పేగుల వ్యాధితో మరణించారు. ఆ కాలంలో దానికి మందు లేదు. రోగాలకు మందులు కనిపెట్టాలనే పట్టుదల ఆయనలో పెరిగింది. 1920ల తొలి సంవత్సరాలలో అమెరికాకు వెళ్ళారు. ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ పగలు చదువుకొన్నారు. తరువాత హార్వర్డు వైద్య కళాశాలలో ఫిస్కేతో కలిసి పరిశోధన సాగించారు. నీలిరంగు పరీక్షను గురించిన పత్రం ఆ కృషికి తొలి ఫలం.

శాస్త్రజ్ఞులు తాము కనుగొన్న సంగతిని పరిశోధన పత్రంగా రాసి, శాస్త్ర పత్రికలో ప్రకటిస్తారు. ఆ పత్రం చివర తాము ఆధారపడిన పూర్వుల పత్రాలను పేర్కొంటారు. ఇలా పేర్కొనడాన్ని ఉల్లేఖనం అంటారు. మన కావ్యాలలో కవి మొదట పూర్వకవులను స్తుతించడం ఆచారం. తన కవిత్వానికి దారి చూపినవారిని మరువలేదని చెప్పడమే దాని భావం. ఉల్లేఖనం కూడా అటువంటిదే. అయితే ఇందులో స్తుతి తప్పనిసరి కాదు. పూర్వుని మాట తప్పని నిరూపించదలచినవారు కూడా ఆ పత్రాన్ని పేర్కొనవలసిందే.

ఎవరి పత్రాన్ని ఎందరు పేర్కొన్నారో లెక్కపెడితే విజ్ఞానం ఎక్కడినుంచి ఎక్కడికి ప్రవహించిందో తెలుస్తుందని అమెరికాకు చెందిన యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో సూచించారు. 1964లో ఆయన అటువంటి సూచికను ప్రచురించడం ప్రారంభించారు. పూర్వం లావుపాటి సంపుటాలలో వెదకవలసిన ఈ లెక్కను నేడు కంప్యూటరు క్షణంలో చూపుతుంది.

ఈ లెక్కల్లో ఫిస్కే, సుబ్బారావుల 1925 నాటి పత్రం ఎంతో ఎత్తున నిలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో అత్యధికంగా ఉల్లేఖించబడిన పత్రాలలో అది ఒకటి. రక్తం, మూత్రం పరీక్షించే వైద్యులు దానిని వాడుకొన్నారు. జీవకణాలలోని కొవ్వు పదార్థాలను పరిశీలించినవారు వాడుకొన్నారు. ఎంజైముల పనితీరును, ఆహార పదార్థాలను, నేలల సారాన్ని పరిశీలించినవారు కూడా వాడుకొన్నారు. ఒక శాస్త్రంలో పుట్టిన పద్ధతి పది శాస్త్రాలకు పనిముట్టు అయింది. కాలక్రమంలో ఆ పద్ధతికి మార్పులు వచ్చాయి. నదులు, చెరువుల వంటి సహజ జలాలకు తగిన నీలిరంగు పరీక్షను 1962లో మర్ఫీ, రైలీ అనే శాస్త్రజ్ఞులు రూపొందించారు. ఆ తరువాత నీటిని పరీక్షించేవారు ఎక్కువగా వారి పత్రాన్నే పేర్కొంటూ వచ్చారు.

అయితే సుబ్బారావు సాధించిన వాటన్నింటిలో ఆ పరీక్షే గొప్పదా? ఆయన మిగిలిన కృషిని చూస్తే అలా అనిపించదు.

1927లో ఫిస్కే, సుబ్బారావులు కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉన్నదని ప్రకటించారు. 1929లో కండరాల నుంచి ఏ.టి.పి. అనే పదార్థాన్ని వేరుచేసినట్లు తెలిపారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా దానిని కనుగొన్నారు. జీవకణాలు తమ పనులకు కావలసిన శక్తిని ఏ.టి.పి. నుంచి పొందుతాయి. చేయి ఎత్తినా, గుండె కొట్టుకొన్నా అది ఖర్చవుతుంది. ఈ సంగతి ఇప్పుడు ఉన్నత పాఠశాల విద్యార్థులకు కూడా తెలుసు. సరిగ్గా ఆ కారణం చేతనే 1929 నాటి పత్రాన్ని పేర్కొనేవారు తక్కువ. అందరికీ తెలిసిన సత్యానికి ఆధారం చూపవలసిన అవసరం కలగదు. ఊరందరూ నీరు తోడుకొనే బావిని తవ్వించినవారి పేరు కొన్ని తరాల తరువాత మరుగున పడటం వంటిదే ఇది.

హార్వర్డులో సుబ్బారావుకు శాశ్వతమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో ఆయన న్యూయార్కు సమీపంలోని లెడర్లీ ప్రయోగశాలలలో చేరి పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. ఆయన నాయకత్వంలో అక్కడి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. తన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధి చికిత్సకు ఆ మందు ఉపయోగపడింది. ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే అమినోప్టెరిన్ అనే మందును కూడా ఆ బృందమే తయారు చేసింది. రక్త కాన్సరుతో బాధపడే పిల్లలకు బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ దానిని ఇచ్చి, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా వెనుకకు తగ్గిందని 1948లో ప్రకటించారు. మందులతో కాన్సరును ఎదుర్కొనవచ్చుననే ఆశకు అది నాంది. బోదకాలు వ్యాధికి వాడే డైఇథైల్ కార్బమజీన్ 1947లో అక్కడినుంచే వెలువడింది. 1948లో ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవి నాశకాన్ని బెంజమిన్ డగ్గర్ తన పేరుతో ప్రకటించారు. ఆ ప్రయోగశాలలకు అప్పుడు పరిశోధన సంచాలకులు సుబ్బారావే. ఆ ఏడాది ఆగస్టులో, 53వ ఏట, ఆయన మరణించారు.

ఫోలిక్ ఆమ్లం పత్రంలో పదిమందికి పైగా శాస్త్రజ్ఞుల పేర్లు ఉన్నాయి. వాటి మధ్య సుబ్బారావు పేరు ఒకటి. ఆరియోమైసిన్ పత్రంలో అదీ లేదు. బోదకాలు నిర్మూలనకై మన దేశంలో 2004 నుంచి అనేక జిల్లాలలో ప్రజలందరికీ పంచిన మాత్రలలో డైఇథైల్ కార్బమజీన్ ఒకటి. మాత్ర మింగినవారు ఉల్లేఖనం రాయరు. ప్రాణం దక్కిన బిడ్డ తల్లి కూడా రాయదు. అందువల్ల ఉల్లేఖనాల లెక్క ప్రకారం ఆయన పనులలో రంగు పరీక్ష పైన ఉంటుంది, ప్రాణాలు నిలిపిన మందులు కింద ఉంటాయి. లెక్కలో తప్పు లేదు. ఒక పత్రం ఎందరు పరిశోధకులకు పనిముట్టుగా ఉపయోగపడిందో ఆ లెక్క చెప్పింది. అంతకు మించి చెప్పడం దానికి చేతకాదు.

ఇది సుబ్బారావు ఒక్కరి విషయం కాదు. మాంసకృత్తులను కొలిచే పద్ధతిని వివరిస్తూ అమెరికా శాస్త్రజ్ఞుడు ఆలివర్ లౌరీ 1951లో ప్రకటించిన పత్రాన్ని 2014 నాటికి 3 లక్షలకు పైగా పత్రాలు పేర్కొన్నాయి. అది తన గొప్ప పరిశోధన కాదని లౌరీయే భావించారు.

వేర్వేరు శాస్త్రాలను పోల్చేటప్పుడు మరొక చిక్కు వస్తుంది. వైద్య, జీవ శాస్త్రాలలో పరిశోధకులు చాలామంది. ఒక్కొక్క పత్రం చివర పదుల కొద్దీ పూర్వ పత్రాల పేర్లు ఉంటాయి. గణితంలో పరిశోధకులు తక్కువ. పత్రాల చివరి జాబితాలూ చిన్నవి. ఒక సిద్ధాంతం విలువ తెలియడానికి ఏళ్ళు పట్టవచ్చు. కాబట్టి సంఖ్యలను నేరుగా పోల్చరాదు. ఉదాహరణకు ఒక శాస్త్రంలో ఒక్కో పత్రానికి సగటున 40 ఉల్లేఖనాలు, మరొక శాస్త్రంలో సగటున 8 ఉల్లేఖనాలు వస్తాయని అనుకోవచ్చు. మొదటి శాస్త్రంలో 80 ఉల్లేఖనాలు పొందిన పత్రం సగటుకు రెండు రెట్లు ఉంది. రెండవ శాస్త్రంలో 40 పొందిన పత్రం సగటుకు ఐదు రెట్లు ఉంది. పైకి 80 పెద్ద సంఖ్య. తన తోటివారి మధ్య మాత్రం 40 పొందినదే ముందున్నది. అందుకే ఏ పత్రాన్నయినా అదే శాస్త్రంలో, అదే కాలంలో వచ్చిన పత్రాల సగటుతో పోల్చడం న్యాయం.

దీనికి మరొక తెలుగు శాస్త్రజ్ఞుని జీవితం మంచి ఉదాహరణ. కల్యంపూడి రాధాకృష్ణారావు 1920 సెప్టెంబరు 10న నేటి కర్ణాటకలోని హూవిన హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించారు. సి.ఆర్. రావుగా ప్రసిద్ధులైన ఆయన, తండ్రి ఉద్యోగరీత్యా గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాలలో చదువుకొన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి, కలకత్తాలోని భారత సాంఖ్యక శాస్త్ర సంస్థలో చేరారు. తెల్లవారుజామున నాలుగు గంటలకే నిద్రలేపి దీపం వెలిగించి చదివించిన తల్లి లక్ష్మీకాంతమ్మకు ఆయన తన గ్రంథాలలో ఒకదానిని అంకితమిచ్చారు.

రావు పరిశోధించిన సమస్యను చెరువు నీటితోనే గ్రహించవచ్చు. చెరువులో ఒకచోట ముంచిన సీసాలో కొంత, మరొకచోట ముంచిన సీసాలో మరికొంత భాస్వరం ఉంటుంది. చెరువు మొత్తాన్ని తోడి పరీక్షించడం సాధ్యం కాదు. కొన్ని సీసాల నీటిని పరీక్షించి, సగటు తీసి, మొత్తం చెరువును అంచనా వేయాలి. సీసాల సంఖ్య పెరిగితే అంచనాలో పొరపాటు తగ్గుతుంది. 4 సీసాలకు బదులు 16 సీసాలు తీసుకొంటే పొరపాటు సుమారు సగమవుతుంది. అయితే ఉన్న సీసాలతో ఎంత తెలివైన పద్ధతిలో లెక్క కట్టినా పొరపాటును ఎంతవరకు తగ్గించగలం? అంతకంటే తగ్గించలేని హద్దు ఒకటి ఉన్నదా?

ఉన్నదని సి.ఆర్. రావు నిరూపించారు. తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఆయనను ఈ ఆలోచనకు పురికొల్పింది. ఆ ఫలితాన్ని 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ప్రకటించారు. అప్పటికి ఆయన వయస్సు పాతికేళ్ళు. స్వీడను గణితజ్ఞుడు హెరాల్డ్ క్రేమర్ 1946లో తన గ్రంథంలో ఇదే ఫలితాన్ని వివరించారు. అందుచేత దానికి క్రేమర్–రావు హద్దు అనే పేరు వచ్చింది. మొరటుగా వేసిన అంచనాను, ఉన్న సమాచారమంతా వాడుకొని మెరుగుపరిచే మార్గం కూడా ఆ పత్రంలోనే ఉన్నది. 1947లో డేవిడ్ బ్లాక్‌వెల్ కూడా దీనిని విడిగా కనుగొన్నందున దానిని రావు–బ్లాక్‌వెల్ సిద్ధాంతం అంటారు.

రాడారు విమానం దూరాన్ని ఎంత కచ్చితంగా చెప్పగలదో తేల్చడానికి, శరీరంలోని భాగాలను చిత్రించే యంత్రాల సామర్థ్యాన్ని లెక్కించడానికి, ఉపగ్రహాల సాయంతో మనిషి ఉన్న చోటును గుర్తించడానికి ఇంజనీర్లు ఆ హద్దును వాడుతున్నారు. భౌతిక శాస్త్రజ్ఞులు, ఆర్థికవేత్తలు కూడా రావు సిద్ధాంతాలను వాడుతున్నారు. కానీ వీరిలో చాలామంది క్రేమర్–రావు హద్దు అని పేరు చెప్పి ఊరుకొంటారు. 1945 నాటి పత్రాన్ని పేర్కొనరు. ఆయన పేరే శాస్త్ర పదమైపోయింది. సూచికలు లెక్కించే ఉల్లేఖనాలలో అటువంటి వాడుక చేరదు. ఆ పత్రానికి గాను 2023లో ఆయనకు అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి ప్రకటించారు. పత్రం వెలువడి అప్పటికి 78 సంవత్సరాలు. ఆయన వయస్సు 102 సంవత్సరాలు. అదే సంవత్సరం ఆగస్టు 22న ఆయన అస్తమించారు.

శాస్త్రజ్ఞుని మొత్తం కృషిని ఒకే సంఖ్యతో చెప్పాలనే ప్రయత్నాలు కూడా జరిగాయి. భౌతిక శాస్త్రజ్ఞుడు హోర్హే హిర్ష్ 2005లో హెచ్ సూచిక అనే కొలతను ప్రతిపాదించారు. ఒకరి అయిదు పత్రాలకు వరుసగా 12, 9, 6, 4, 1 ఉల్లేఖనాలు వచ్చాయనుకొంటే, కనీసం నాలుగేసి ఉల్లేఖనాలు ఉన్న పత్రాలు నాలుగు. కాబట్టి ఆయన సూచిక 4. మరొకరు రెండే పత్రాలు రాసి, వాటికి 5000, 3 ఉల్లేఖనాలు పొందితే ఆ సూచిక 2 దాటదు. జీవితమంతా విడవకుండా పనిచేసినవారిని గుర్తించడానికి ఈ కొలత ఉపయోగపడుతుంది. ఒకే గొప్ప ఆలోచనతో శాస్త్రం దారి మార్చినవారు దీనికి చిక్కరు.

ఉద్యోగాలు, పదోన్నతులు, ధనసహాయం ఈ సంఖ్యలను బట్టి ఇవ్వడం మొదలైన తరువాత కొత్త దోషాలు పుట్టాయి. ఒక పత్రంలో చెప్పవలసిన విషయాన్ని మూడు పత్రాలుగా ముక్కలు చేయడం, తన పత్రాలను తానే అవసరం లేకపోయినా పేర్కొనడం, స్నేహితులు ఒకరినొకరు పేర్కొనడం వాటిలో కొన్ని. మార్కుల కోసం బట్టీ పెట్టిన విద్యార్థికి చదువు అబ్బనట్లే, సంఖ్యల కోసం రాసిన పత్రాలవల్ల విజ్ఞానం పెరగదు. పత్రిక పేరుప్రతిష్ఠలను బట్టి కాక పరిశోధనలోని విషయాన్ని బట్టి శాస్త్రజ్ఞులను అంచనా కట్టాలని 2012లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సంపాదకులు, ప్రచురణకర్తలు ఒక ప్రకటన రూపొందించారు. దేశదేశాల సంస్థలు దానిపై సంతకాలు చేశాయి.

ఇంతమాత్రాన లెక్కలు వద్దని కాదు. లెక్క లేకపోతే పలుకుబడి ఉన్నవారి మాటే చెల్లుతుంది. ఫిస్కే, సుబ్బారావుల పత్రం ఎన్ని శాస్త్రాలకు చేరిందో ఉల్లేఖనాల సూచికలవల్లనే లోకానికి స్పష్టంగా తెలిసింది. కొలతను వాడాలి, దాని హద్దును కూడా తెలుసుకొని వాడాలి. కొన్ని సీసాల నీటితో చెరువును అంచనా వేసేవారు పొరపాటు ఎంతవరకు ఉండవచ్చునో కూడా చెబుతారు. మనుషుల కృషిని సంఖ్యలతో అంచనా వేసేవారికీ ఆ జాగ్రత్త అవసరం. ఒక శాస్త్రజ్ఞుని గురించి ఎన్ని పత్రాలు, ఎన్ని ఉల్లేఖనాలు అని అడిగిన తరువాత, ఆ పత్రాలలో ఏమున్నది, అది ఎవరికి మేలు చేసింది అనే రెండు ప్రశ్నలు కూడా అడగాలి. వాటికి జవాబు కావాలంటే ఆ పత్రాలను చదవక తప్పదు.

అర్థాలు

ఉల్లేఖనం : ఆధారంగా పేర్కొనడం
నమూనా : పరీక్షకై తీసిన కొద్ది భాగం
సంచాలకుడు : ఒక సంస్థను లేదా విభాగాన్ని నడిపే అధికారి
సూచిక : వివరాలను వరుసగా చూపే పట్టిక, ఒక విషయాన్ని తెలిపే సంఖ్య
సాంఖ్యక శాస్త్రం : సంఖ్యల సమాచారాన్ని సేకరించి, విశ్లేషించే శాస్త్రం
నాంది : ప్రారంభం

అభ్యాసం

అ. కింది ప్రశ్నలకు రెండు మూడు వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. చెరువులో భాస్వరం ఎక్కువైతే ఏమవుతుంది?
2. ఉల్లేఖనానికి, పూర్వకవి స్తుతికి గల పోలిక ఏమిటి? భేదం ఏమిటి?
3. ఏ.టి.పి. పత్రాన్ని పేర్కొనేవారు తక్కువ కావడానికి కారణమేమి?
4. క్రేమర్–రావు హద్దుకు ఆ పేరు ఎలా వచ్చింది?

ఆ. కింది ప్రశ్నలకు పది వాక్యాలలో సమాధానాలు రాయండి.
1. “మాత్ర మింగినవారు ఉల్లేఖనం రాయరు” అనే వాక్యాన్ని సుబ్బారావు కృషి ఆధారంగా వివరించండి.
2. వేర్వేరు శాస్త్రాలకు చెందిన పత్రాలను ఉల్లేఖనాల సంఖ్యతో నేరుగా ఎందుకు పోల్చరాదు?

ఇ. ఒక శాస్త్రజ్ఞుని ఆరు పత్రాలకు వరుసగా 20, 11, 5, 3, 3, 0 ఉల్లేఖనాలు వచ్చాయి. ఆయన హెచ్ సూచిక ఎంత?

ఈ. కింది పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి.
పట్టుదల, మరుగున పడు, పురికొల్పు, అంకితమిచ్చు

ఉ. మీ ఊరిలోని చెరువును లేదా కాలువను పరిశీలించి, నీటి రంగు, వాసన, మొక్కలు, నీరు వచ్చే దారులను గురించి ఒక పేజీ రాయండి. సంగతులు చెప్పినవారి పేర్లను చివర పేర్కొనండి.